విరిగిన ఫైబరుకు మళ్లీ విలువ వస్తుందా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉపాధ్యాయుడు మైకు ముందుకు వస్తే పిల్లల చదువు గురించీ, బడికి హాజరు గురించీ చెబుతాడని మీరనుకోవడం సహజం. ఆ సంగతులు కార్యదర్శిగారి నివేదికలో వివరంగా వచ్చాయి కనుక నేను వాటి జోలికి పోను. ఉర్దూ మీడియంలో సైన్సు చెప్పేవాడిగా నాకు తెలిసిన ఒక విషయాన్ని, మన కుటుంబాలలో చాలామందికి రోజూ చేతికి తగిలే ఒక వస్తువును గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఆ వస్తువు పేరు ఫైబరు. ఫైబర్ తలుపు, ఫైబర్ షీటు, ఫైబర్ బోటు అని వాడుకలో అంటున్నామే, ఆ ఫైబరు.

ఈ విషయమే ఎందుకు ఎన్నుకున్నానంటే, మనవాళ్లలో పాత సామాను వ్యాపారం మీద బ్రతికే ఇళ్లు తక్కువేమీ కాదు. బండి తోసుకుంటూ వీధి వీధి తిరిగి కొనేవారున్నారు. దుకాణం పెట్టుకున్నవారున్నారు. దుకాణం వెనుక కూర్చుని ఏరి వేరు చేసే ఆడవాళ్లున్నారు. కొందరు కార్లకు, బస్సులకు డెంటింగు, పెయింటింగు పని చేస్తారు. ఇంకొందరు ఫైబర్ అచ్చుపోసే షెడ్లలో కూలికి పోతారు. ఈ వస్తువు తయారయ్యేదీ, పాతబడి పారవేయబడేదీ ఇటువంటి వారి చేతుల మీదుగానే. దాని గుణం ఏమిటో తెలుసుకోవడం వీరి ఆరోగ్యానికీ, వీరి రాబడికీ సంబంధించిన విషయం.

మా తరగతిలో ఒక కుర్రవాడు ప్లాస్టిక్కుల పాఠం చెబుతుండగా లేచి, "సార్, మా అబ్బా ఇనుము తీసుకుంటారు, అట్టలు తీసుకుంటారు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ కూడా తీసుకుంటారు. ఫైబర్ ముక్క తెస్తే మాత్రం వద్దని తిప్పి పంపిస్తారు. అది కూడా ప్లాస్టిక్కే కదా, ఎందుకు తీసుకోరు?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే గాని జవాబు చాలా దూరం పోతుంది. నేటి నా ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

ఫైబర్ అంటే ఏమిటి?

మనం ఫైబర్ అని పిలిచేది నిజానికి రెండు వస్తువుల కలయిక. ఒకటి గాజు దారం, రెండవది రెజిన్ అనే జిగురు. గాజును కరిగించి సన్నని రంధ్రాల గుండా లాగితే దారం వస్తుంది. ఆ దారం మందం మిల్లీమీటరులో నూరవ వంతు నుంచి యాభయ్యవ వంతు దాకా ఉంటుంది. మన తలవెంట్రుక కంటె ఎంతో సన్నం. కిటికీ అద్దం చేయి జారితే పగులుతుంది. అదే గాజు దారమైతే వంగుతుంది, లాగినా తట్టుకుంటుంది. అయితే ఉత్త దారం నిలబడి తలుపు కాలేదు గదా! అందుకని ఆ దారాలను పరిచి, రెజిన్ పోసి గట్టిపరుస్తారు. వెనుకటికి మట్టిగోడ పెట్టేవారు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవారు. మట్టి పట్టి ఉంచుతుంది, గడ్డి బిగువు నిస్తుంది. ఇదీ అదే ఉపాయం.

షెడ్లలో పని చేసేవారికి ఇది తెలిసినదే. అచ్చుకు మైనం రాస్తారు, రంగు పూత వేస్తారు, గాజు మ్యాటు పరుస్తారు. రెజిన్‌లో ముందుగా కోబాల్టు, తరువాత కేటలిస్టు కలిపి బ్రష్షుతో పూసి రోలరుతో గాలి బుడగలు పోగొడతారు. కాసేపటికి అది వేడెక్కి గట్టిపడుతుంది. కోబాల్టునూ కేటలిస్టునూ ఎన్నడూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపరాదు, అంటుకొని పేలే ప్రమాదం ఉన్నది. ఈ మాట తెలిసినవారు కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

గాజు దారాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం అమెరికాలో 1930ల నుంచి సాగింది. ఓవెన్స్ కార్నింగ్ అనే కంపెనీ ఆ పని మీదనే 1938లో ఏర్పడింది. 1953లో షెవర్లే కంపెనీ కార్వెట్ అనే కారు బాడీని మొత్తం ఫైబరుతోనే చేసి అమ్మింది. తుప్పు పట్టదు, చెద పట్టదు, తేలిక, ఏ ఆకారమైనా పోయవచ్చు. ఇన్ని గుణాలున్న వస్తువు లోకమంతా వ్యాపించడంలో వింత ఏమున్నది?

ఇంకొక మాట. ఇళ్ల మీద కనిపించే నల్ల నీళ్ల ట్యాంకు ఫైబర్ కాదు. అది పాలిథీన్ జాతి. దానిని కరిగించవచ్చు. సెల్‌ఫోను, టీవీ, కంప్యూటరు లోపల ఉండే పచ్చని సర్క్యూటు బోర్డు మాత్రం ఫైబరే. గాజు గుడ్డకు ఎపాక్సీ అనే రెజిన్ పట్టించి దానిని చేస్తారు. చూడడానికి వేరుగా ఉన్నా అది పడవకు తమ్ముడే.

కరగని గుణం

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు వద్దాము. ప్లాస్టిక్కులలో రెండు జాతులున్నాయి. ఒకటి బెల్లం వంటిది. వేడి చేస్తే పాకమవుతుంది, చల్లారితే అచ్చవుతుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ పాకం. బక్కెట్లు, కుర్చీలు, సీసాలు ఈ జాతి. వీటిని థర్మోప్లాస్టిక్కులంటారు. రెండవది కోడిగుడ్డు వంటిది. ఒకసారి ఉడికిన గుడ్డును ఎంత కాచినా తిరిగి పచ్చిసొన కాదు. మరీ కాస్తే మాడిపోతుంది. కుక్కరు పిడి, పాతకాలపు నల్ల స్విచ్చి, మన ఫైబరు ఈ జాతివి. వీటిని థర్మోసెట్టులంటారు. ఈ జాతిలో పూర్తిగా మనిషి చేసిన మొదటి ప్లాస్టిక్కు బేకలైటు. దానిని 1907లో లియో బేక్‌లాండ్ అనే బెల్జియం దేశస్థుడు అమెరికాలో తయారు చేశాడు.

ఎందుకిట్లా? దర్జీ పని తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. ప్లాస్టిక్కులో అణువులు పొడుగాటి దారాల వలె ఉంటాయి. బక్కెట్టులో ఆ దారాలు ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి గాని కుట్టి ఉండవు. వేడి తగిలితే జారతాయి. ఫైబరు రెజిన్‌లో కేటలిస్టు పడగానే ఆ దారానికీ ఈ దారానికీ మధ్య అడ్డకుట్లు పడతాయి. వేలు, లక్షలుగా పడిన ఆ కుట్ల వలన పడవంతా దాదాపు ఒకే అణువైపోతుంది. ఇక జారేదెక్కడ, కరిగేదెక్కడ? కరగని సరుకును కొని కబాడీ వ్యాపారి ఎవరికి అమ్మగలడు? ఆ కుర్రవాడి తండ్రి తిప్పి పంపడంలో ఈ సైన్సంతా ఉన్నది.

ముందున్న రాశి

ఇది మన ఒక్క వీధి సమస్య అయితే సభలో చెప్పవలసిన పని లేదు. మన కోస్తాలో ఒకప్పుడు చేపల వేటకు చెక్క తెప్పలు, నావలు ఉండేవి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తరువాత సహాయం రూపంలోనూ, ఆ పిమ్మట సబ్సిడీల మీదనూ ఫైబర్ బోట్లు ఎంతగానో వచ్చాయి. పాత చెక్క తెప్పను విప్పి పొయ్యిలో పెట్టుకునేవారు. పాత ఫైబర్ బోటును ఏం చేస్తారు? ఒడ్డున బోర్లా పడి ఉంటుంది.

ఇక గాలిమరలు. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. తరువాత కర్నూలు, కడప వైపు కూడా ఎన్నో వచ్చాయి. దేశం మొత్తం మీద గాలి విద్యుత్తు సామర్థ్యం 2025లో 50 వేల మెగావాట్లు దాటింది. ఆ మరల రెక్కలన్నీ ఫైబరే. రెక్క బరువులో సగం పైగా గాజే ఉంటుంది. వాటి ఆయుష్షు 20 నుంచి 25 ఏళ్లు. స్తంభం ఉక్కు కనుక అమ్ముడుపోతుంది, లోపలి రాగి అమ్ముడుపోతుంది. రెక్క మాత్రం మిగిలిపోతుంది.

అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రం కాస్పర్ పట్టణంలో 2019, 2020 సంవత్సరాలలో ఇటువంటి రెక్కలను ముక్కలు కోసి వరుసగా గోతులలో పూడ్చారు. ఆ ఛాయాచిత్రాలు లోకమంతా చూసింది. కాలుష్యం లేని కరెంటు నిచ్చిన వస్తువుకు చివరకు గొయ్యి తప్ప వేరే గతి లేదా అని జనం అడిగారు. జర్మనీ వంటి దేశం 2005 నుంచే ఇటువంటి వ్యర్థాన్ని నేరుగా పూడ్చనివ్వడం లేదు.

విమానాల సంగతి వేరే చెప్పాలి. వాటిలో గాజు దారానికి బదులు కార్బన్ దారం వాడతారు. 2011లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఈ జాతి పదార్థమే. ఆ విమానాలూ ఒకనాటికి పాతబడక మానవు.

చింపడమా, కాల్చడమా, కుట్టు విప్పడమా?

పాత కోటును మళ్లీ వాడుకోవాలంటే దర్జీకి మూడు దారులున్నాయి. చింపి పేలికలు చేయవచ్చు. పొయ్యిలో వేసి కాచుకోవచ్చు. లేదా ఓపికగా కుట్లు విప్పి గుడ్డను గుడ్డగా, అస్తరును అస్తరుగా తీసుకోవచ్చు. ఫైబరుకూ ఈ మూడు దారులే.

మొదటిది చింపడం, అంటే మిల్లులో వేసి పొడి చేయడం. ఆ పొడిని కొత్త సరుకులో కొద్దిగా కలుపుతారు. ఇది సులువే గాని దారం ముక్కలు ముక్కలైపోతుంది. దారం పొడవు పోతే బిగువూ పోతుంది. అప్పుడది చవక సున్నపు పొడికి పోటీ తప్ప మరొకటి కాదు.

రెండవది కాల్చడం. ఇందులో మంచి రకం సిమెంటు బట్టీ. రెజిన్ బొగ్గుకు బదులు మండుతుంది. గాజులో ఉన్న సిలికా, సున్నం, అల్యూమినా సిమెంటులోనే కలిసిపోతాయి. బూడిద మిగలదు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో ఫైబరు వంటి థర్మోసెట్ వ్యర్థాలకు ఇచ్చిన మార్గదర్శకాలలో ఈ దారినే ముందు పెట్టింది. నల్లగొండ వైపు, తాండూరు, కడప ప్రాంతాలలో సిమెంటు బట్టీలకు కొదవ లేదు కనుక మనకు దగ్గరలో ఉన్న దారి ఇదే. కాని ఎంతో ఖర్చుతో చేసిన గాజు దారం ఇక్కడ ఉత్త ఇసుక విలువకు దిగిపోతుంది. గాలి లేకుండా 450 నుంచి 600 డిగ్రీల వేడిలో కాచే పద్ధతి మరొకటి ఉన్నది. కార్బన్ దారానికి అది బాగానే పనికి వస్తున్నది. గాజు దారం మాత్రం ఆ వేడికి సగం పైగా బలం పోగొట్టుకుంటుంది.

మూడవది కుట్టు విప్పడం. ఇదే రసాయన పద్ధతి. ఉర్దూ బడిలో మేము రసాయన శాస్త్రాన్ని కీమియా అంటాము. వెనుకటి జనం కీమియా అంటే ఇనుమును బంగారం చేసే విద్య అనుకునేవారు. నేటి కీమియా అటువంటి ఆశ చూపదు. ఏ కుట్టు ఎక్కడ పడిందో, దానిని ఏ కత్తెర విప్పుతుందో మాత్రం చెబుతుంది.

కత్తెర ఎలా పని చేస్తుంది?

పడవలు, తలుపులు, స్నానపు తొట్లు చేసే రెజిన్‌ను పాలిస్టర్ అంటారు. అందులో ఎస్టర్ అనే బంధం ఉంటుంది. ఈ బంధం మనకు కొత్తది కాదు. నూనెలోనూ, కొవ్వులోనూ ఉన్నది ఇదే. సబ్బు వండేటప్పుడు నూనెలో కాస్టిక్ సోడా కలిపి కాస్తారు. అప్పుడు తెగేది ఈ ఎస్టర్ బంధమే. నూనె తెగి సబ్బు, గ్లిజరిన్ అవుతున్నాయి. అదే సూత్రం మీద పాలిస్టర్ రెజిన్‌ను కూడా వేడి నీటితో, క్షారంతో తెంచవచ్చు. కాని గట్టిపడిన రెజిన్‌లోకి నీరు దిగడం కష్టం కనుక మామూలు మరుగు నీరు చాలదు.

జపానులో మత్సుషిటా ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కంపెనీ, తరువాత పానసోనిక్‌లో కలిసినది, 2000ల దశకంలో దీని మీద పట్టుదలగా పని చేసింది. వారు ఫైబర్ స్నానపు తొట్లు చేసేవారు గనుక ఆ వ్యర్థం వారి నెత్తి మీదే ఉన్నది. క్షారం కలిపిన నీటిని మూసిన పాత్రలో సుమారు 230 డిగ్రీల వరకు వేడి చేశారు. ఆ వేడిలో నీరు ఆవిరై పోకుండా ఉండాలంటే లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 28 రెట్లు ఉండాలి. ఆ నీటిలో ఎస్టర్ బంధాలు తెగాయి. స్టైరీన్ వేసిన అడ్డకుట్లు మాత్రం తెగలేదు. అవి ఎస్టర్లు కావు గదా. ఫలితంగా గ్లైకాల్ వంటి ముడిసరుకు ఒక పక్క, స్టైరీనూ ఫ్యూమారిక్ ఆమ్లమూ కలిసి ఉన్న కొత్త పదార్థం ఒక పక్క, గాజు దారం ఒక పక్క వచ్చాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఉన్నది. ఆ మధ్య పదార్థం పాత రెజిన్ కాదు. దానిని కొద్దిగా మార్చి చూస్తే, కొత్త ఫైబర్ అచ్చుపోసేటప్పుడు కుదించుకుపోకుండా కాపాడే మందుగా పనికి వచ్చింది. పాలిస్టర్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుందని షెడ్డు పనివారికి తెలుసు. ఆ ముడత రాకుండా వేసే మందు కొనాలంటే డబ్బు పెట్టాలి. అటువంటి మందు చెత్తలో నుంచి వచ్చింది. రసాయన పద్ధతిలో ఆశ ఇక్కడే ఉన్నది. పాతదానిని పాతదానిగానే తిరిగి తేనక్కరలేదు, మరొక పనికి వచ్చేదిగా తెచ్చినా చాలు.

హిటాచీ కెమికల్ అనే మరొక జపాను కంపెనీ ఒత్తిడి లేకుండానే, బెంజైల్ ఆల్కహాల్‌లో పొటాషియం ఫాస్ఫేటు కలిపి సుమారు 200 డిగ్రీలలో రెజిన్‌ను కరిగించే దారి చూపింది.

గాలిమర రెక్కలలో తరచుగా వాడే ఎపాక్సీ రెజిన్ దీనికంటె మొండిది. అందులో తెంచవలసినది ఎస్టర్ కాదు, ఇంకా బిగువైన బంధం. 2023లో డెన్మార్క్ దేశపు ఆర్హుస్ విశ్వవిద్యాలయం వారు రుథేనియం అనే లోహం సాయంతో 160 డిగ్రీలలో ఆ బంధాన్ని తెంచి చూపారు. గాజు దారం చెడకుండా వచ్చింది. ఎపాక్సీకి మూల సరుకైన బిస్ఫినాల్ ఏ కూడా వచ్చింది. నిజమైన రెక్క ముక్క మీదనే ప్రయోగం చేశారు. అయితే రుథేనియం చాలా ఖరీదైన లోహం, పనికి రోజుల తరబడి కాలం పడుతుంది. ప్రయోగశాలలో గెలిచారు గాని ఫ్యాక్టరీ దాకా రావడానికి ఇంకా దూరమున్నది.

2025లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక దారి పట్టారు. జింక్ అసిటేట్ అనే, అంత విషం కాని ఉప్పును నీటిలో కలిపి, ఒత్తిడితో బాగా వేడెక్కించి, రెక్క ముక్కలను అందులో రెండు గంటల పాటు ఉంచారు. రెజిన్ తెగింది. గాజునూ, రెజిన్‌నూ మళ్లీ వేరు చేసే శ్రమ పడకుండా రెంటినీ నైలాన్‌లో కలిపి అచ్చుపోశారు. ఉత్త నైలాన్ కంటె మూడు రెట్లకు పైగా బలం, ఎనిమిది రెట్లకు పైగా బిరుసు వచ్చాయని చెప్పారు. జింక్ ఉప్పును వడగట్టి చాలా వరకు తిరిగి తీసుకున్నారు. ఇది మన అమ్మలు పాత చీరలతో బొంత కుట్టినట్లున్నది. ప్రతి దారమూ విడదీయలేదు, వాడుకకు కావలసినంత మేరకే విప్పారు.

ముందే విప్పే వీలు పెట్టి కుట్టడం

తెలివైన దర్జీ పిల్లల బట్టలు కుట్టేటప్పుడు లోపల గుడ్డ మడిచి ఉంచుతాడు. పిల్లవాడు ఎదిగితే విప్పి వదులు చేయవచ్చును. రెజిన్ చేసేవారికి కూడా ఈ బుద్ధి వచ్చింది.

2011లో పారిస్‌లో లుడ్విక్ లీబ్లర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు విట్రిమర్లు అనే కొత్త జాతిని కనిపెట్టారు. థర్మోసెట్ వలెనే గట్టిగా ఉండి, వేడి చేస్తే లోపలి కుట్లు ఒకచోట ఊడి ఇంకొకచోట పడతాయి. అందుచేత కొత్త ఆకారం పోయవచ్చు.

ఇందులో మన దేశానికీ భాగమున్నది. ఆదిత్య బిర్లా వారి రెజిన్ కంపెనీ రీసైక్లమీన్ అనే గట్టిపరిచే మందును అమ్ముతున్నది. దానితో వేసిన ఎపాక్సీ మామూలుగా ఎండకూ వానకూ చెదరదు. కాని వెనిగరులో ఉండే అసిటిక్ ఆమ్లం వంటి బలహీన ఆమ్లంలో వేడి చేస్తే కుట్లు విడిపోయి, రెజిన్ బెల్లం జాతి ప్లాస్టిక్కుగా మారుతుంది, దారం దారంగా వస్తుంది. సీమెన్స్ గమేసా కంపెనీ 2021 సెప్టెంబరులో ప్రకటించిన తిరిగి వాడదగిన రెక్కలలో ఈ రెజిన్‌నే వాడింది. 81 మీటర్ల పొడవున్న ఆ రెక్కలను 2022లో జర్మనీ సముద్రంలోని కాస్కాసి గాలిమరలకు అమర్చారు. 2024లో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల వారు చెట్టు చేమల చక్కెరల నుంచి చేయదగిన రెజిన్‌తో 9 మీటర్ల రెక్క చేసి, దానిని మిథనాల్‌తో విప్పవచ్చునని చూపారు.

అయితే ఈ కొత్త రెక్కలు విప్పవలసిన రోజు రావడానికి ఇంకా 20 ఏళ్లు పడుతుంది. ఈలోగా పాత కుట్టు మీద ఉన్న రాశి అలాగే ఉన్నది.

ధర సంగతి

"ఇంత విద్య ఉన్నప్పుడు ఇంకా ఎందుకు పూడుస్తున్నారు?" అని మీరడగవచ్చు. జవాబు డబ్బు. కొత్త గాజు దారం చవక. దాని ముడిసరుకు ఇసుక, సున్నపురాయి. పాత పడవను కోసి, లారీ ఎక్కించి, కోరి, వేడి చేసి, మందు పోసి, కడిగి ఎండబెట్టిన దారం కొత్తదాని కంటె ఖరీదైతే ఎవరు కొంటారు? కార్బన్ దారం గాజు కంటె ఎన్నో రెట్లు ఖరీదు, దానిని చేయడానికి వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. అందుచేతనే విమానపు తునకల నుంచి దారం తీసే కర్మాగారాలు ముందుగా వచ్చాయి. పడవలకు, తలుపులకు ఆ యోగం పట్టలేదు. పూడ్చడం చవకగా ఉన్నంత కాలం పట్టదు కూడా. పూడ్చడానికి రుసుము పెట్టడం, తయారు చేసిన కంపెనీయే పాతదానిని తీసుకునే బాధ్యత పెట్టడం ప్రభుత్వం చేయవలసిన పని.

ఇంకొకటి. మందులు పోసే పద్ధతి అంటేనే మంచిదని అనుకోరాదు. ద్రావకం ఎంత తిరిగి వస్తుంది, వేడికి ఎంత బొగ్గు కాలుతుంది, మురికి నీరు ఎక్కడికి పోతుంది అన్న లెక్క చూడాలి. లెక్క కుదరని చోట సిమెంటు బట్టీయే నయం.

మనం చేయవలసినది

ఇదంతా విని ఎవరైనా ఇంటి వెనుక డ్రమ్ములో యాసిడ్ పోసి ఫైబర్ కరిగిద్దామనుకుంటే అది ప్రాణాల మీదికి వస్తుంది. నేను చెప్పిన పనులన్నీ మూసిన పాత్రలలో, ఒత్తిడి కొలిచే యంత్రాలతో, చదువుకున్నవారి కాపలాలో జరిగేవి. సర్క్యూటు బోర్డుల మీద బంగారం, రాగి కోసం యాసిడ్ పోసి, మిగిలినది పెరట్లో కాల్చే పని కొన్నిచోట్ల జరుగుతున్నది. ఆ బోర్డు రెజిన్‌లో మంట ఆర్పే బ్రోమిన్ మందులుంటాయి. ఆరుబయట కాలిస్తే పుట్టే పొగ ఎంతో విషం. పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. రోజుకు వచ్చే నాలుగు వందల కోసం పిల్లల ఊపిరి అమ్మరాదు. సర్క్యూటు బోర్డులను అనుమతి పొందిన ఈ-వేస్టు సంస్థలకే ఇవ్వాలి.

ఫైబర్ తలుపు, షీటు, పడవ ముక్కలను కూడా కాల్చవద్దు. కోయవలసి వస్తే నీళ్లు చల్లుతూ కోయండి. పొడిగా రంపం పెడితే గాజు ధూళి లేచి చర్మం దురద పెడుతుంది, కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ముఖానికి మామూలు రుమాలు చాలదు, ధూళి ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి. పని బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. రెజిన్ వాసన అంటే స్టైరీన్ వాసన. ఆ స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. కాబట్టి షెడ్డుకు గాలి ఆడాలి. తలుపులు మూసి పని చేయించే యజమానిని పది మంది కలిసి అడగాలి. ఒక్కడు అడిగితే పని పోతుంది, సంఘం అడిగితే పోదు.

వ్యాపారం చేసే భాయీలకు ఒక మనవి. ఇవాళ ధర లేదని ఫైబర్‌ను ఇతర ప్లాస్టిక్కులో కలిపి పంపకండి. అది కరిగే ప్లాస్టిక్కును కూడా చెడగొడుతుంది. పాలిస్టర్ ఏది, ఎపాక్సీ ఏది, కార్బన్ ఏది అని వేరు చేయగల చేయి రేపు విలువైన చేయి అవుతుంది. ఏ రసాయన కర్మాగారం వచ్చినా దానికి ముందుగా కావలసినది కలగాపులగం కాని సరుకు. ఇనుములో, ఇత్తడిలో రకాలు చేతితో తట్టి చెప్పగల వృద్ధులు మన బజారులో ఉన్నారు. వారి పిల్లలకు ఈ రకాలు కూడా రావాలి.

తల్లిదండ్రులకు చివరి మాట. మన పిల్లలు ఈ చెత్తను మోసేవారుగానే ఉండాలా, దానిని విప్పే కెమిస్టులు కూడా కావాలా? బడిలో చెప్పే సైన్సులోనే ఈ రెండు జాతుల ప్లాస్టిక్కుల సంగతి వస్తుంది. అక్కడి నుంచి పాలిటెక్నిక్‌కు, డిగ్రీ కెమిస్ట్రీకి, ప్లాస్టిక్ ఇంజనీరింగు కోర్సులకు దారులున్నాయి. ఆ కోర్సులు చాలా చోట్ల ఉర్దూలో ఉండవని భయపడనక్కరలేదు. అణువుకు భాష లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతులలో పాఠం అర్థమైతే ఇంటర్‌లో మాటలు వాటంతటవే వస్తాయి. ఆడపిల్లలకు ప్రయోగశాల పని ఎంతో అనువైనది. ఆ దుకాణదారుని కొడుకు అడిగినటువంటి ప్రశ్న అడిగే పిల్లవాడిని పదో తరగతి కాగానే దుకాణంలో కూర్చోబెట్టకండి.

మన సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. సంవత్సరానికొక పూట ఫైబర్ షెడ్లలో, పాత సామాను దుకాణాలలో పని చేసేవారికి రక్షణ గురించి చెప్పించి మాస్కులు, చేతి తొడుగులు ఇప్పించండి. కెమిస్ట్రీ చదవబోయే ఇద్దరు విద్యార్థులకు పుస్తకాల ఖర్చు మన నిధి నుంచి కేటాయించండి. ఇవి పెద్ద ఖర్చులు కావు, సభ్యులు ఒప్పుకుంటే ఈ సంవత్సరమే మొదలు కావచ్చును. తరగతి చెప్పే పని నేను తీసుకుంటాను.